మంచం కింద గంగ

చిన్నూ, బుజ్జీ,

దసరా సెలవులయ్యి మీరు హైదరాబాద్ వెళ్ళాక, మనింట్లో ఉన్న కుక్క గంగ గురించి బుజ్జి ఫోన్లో అడిగింది కదా, "తాతయ్యా, రోజూ అన్నం పెడుతున్నాం, కొట్టట్లేదు, తిట్టట్లేదు, అయినా గంగ మంచం కిందే ఎందుకుంటుంది, మనమంటే దానికి ఇష్టం లేదా" అని. అప్పటికి ఏదో చెప్పి పెట్టేశాను గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు, అందుకే రాస్తున్నా.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగిపోవడం మీరూ టీవీలో చూశారు. నీళ్ళు తీశాక అక్కడ ఒక ఇంటి మెట్ల మీద దొరికింది ఇది. ఒళ్ళంతా రక్తం పీల్చే గోమార్లు, చెవుల్లో వేళ్ళ సందుల్లో కూడా, చిగుళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. డాక్టర్ గారు రక్తం పరీక్ష చేయించి గోమార్ల వల్ల వచ్చే జ్వరం అని చెప్పి 28 రోజుల మాత్రలు రాశారు. పాపం ఆకలి మీదుంది అని మీ నానమ్మ గిన్నె నిండా పాలన్నం కలపబోతే ఆయనే ఆపారు, ఎండిపోయిన కడుపుకి ఒక్కసారే ఎక్కువ పెడితే ప్రాణానికే ప్రమాదమట, పాలయితే చాలా కుక్కలకి అరగవట. అందుకే రోజుకి నాలుగుసార్లు గుప్పెడంత, చికెన్ ఉడికించిన నీళ్ళల్లో మెత్తగా వండిన అన్నం. ఉప్పు లేదు, ఉల్లిపాయ అస్సలు లేదు, ఉల్లి కుక్కల రక్తాన్ని పాడుచేస్తుంది. ద్రాక్షపళ్ళు, చాక్లెట్లు కూడా వాటికి విషమే, చిన్నూ, జేబులో పెట్టుకుని దాని దగ్గరికి వెళ్ళకు.

ఇప్పుడు బుజ్జి ప్రశ్న. మా ఊళ్ళో ఊడ్పులప్పుడు నారు పీకి, కట్టలు కట్టి, దమ్ము చేసిన పొలంలో నాటేవాళ్ళు. నాటిన వారం దాకా ఆ పొలాన్ని చూస్తే ఏడుపొస్తుంది, ఆకుల కొనలు పసుపు తిరిగి, మొక్కలన్నీ వాలిపోయి, ఇక బతకవేమో అనిపిస్తుంది. నేను ఏడేళ్ళప్పుడు గట్టు పక్కన మొక్క ఒకటి పీకి వేరు పట్టిందా లేదా అని చూశాను, మళ్ళీ గుచ్చాను, మర్నాడు మళ్ళీ పీకి చూశాను. పొలమంతా పచ్చబడింది, నేను పీకిన మొక్క తప్ప. గంగ కూడా పీకిన నారే కదరా. దాని వీధి, దాని వాసనలు, తోటి కుక్కలు అన్నీ ఒక్క రాత్రిలో పోయాయి. మంచం కింద అది వేరు పట్టే పనిలో ఉంది, ఆ పని మనకి కనపడేది కాదు. నాటిన కొత్తలో పొలంలో నీళ్ళు పల్చగా పెట్టాలి, మొక్క మునిగేలా పెడితే కుళ్ళిపోతుంది, తిండి పెట్టడమయినా ముద్దు చెయ్యడమయినా అంతే. గోమార్లు తియ్యడం కలుపు తియ్యడం లాంటిది, ఒక్కరోజుతో అయ్యేది కాదు, రోజూ పట్టకారుతో కూర్చోవాలి. అసలు మనిల్లు దానికి పొలం కూడా కాదు, నారుమడి. ఒంట్లో బలం పుంజుకుని, టీకాలయ్యి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయ్యాక దాన్ని పెంచుకునే ఇల్లు వేరే చూడాలి. అప్పుడు మళ్ళీ పీకాలి, మళ్ళీ పసుపు తిరుగుతుంది, అది తలుచుకుంటే నాకు ఇప్పట్నుంచే గొంతు పట్టేస్తోంది. కానీ నారుమడిలోనే ఉంచేస్తే మళ్ళీ వరదకి ఇంకో కుక్క వస్తే చోటేదీ?

మీ వయసులో ఇంకో తప్పు కూడా చేశాను. వానకి తడిసి మా బండి కింద దూరిన కుక్కని ముద్దు చేద్దామని కాలు పట్టి లాగాను. కరిచింది. మా అమ్మమ్మ కారం అద్దింది, నా అరుపులు చెరువుగట్టు దాకా వినిపించాయంట. తర్వాత బొడ్డు చుట్టూ 14 సూదులు, రోజుకొకటి, నాన్న సైకిల్ మీద టౌనుకి తీసుకెళ్ళి. ఆ రోజుల్లో ఆ మందు గొర్రె మెదడుతో చేసేవాళ్ళు. ఇప్పుడు అదంతా పోయింది, చేతికి వేస్తారు, కానీ కుక్క పన్ను గీరుకున్నా సరే కారం సున్నం ఏమీ రాయకుండా సబ్బుతో పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, వెంటనే పెద్దవాళ్ళకి చెప్పి ఆసుపత్రికి వెళ్ళాలి, దాచకూడదు. ఆ కుక్కని మా వీధివాళ్ళు తరిమి తరిమి కొట్టారు. కాలు పట్టి లాగింది నేనని నేను చెప్పలేదు. 60 ఏళ్ళయింది, ఇప్పటికీ గంగ మంచం కిందనుంచి చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది.

నేను దాన్ని బయటికి పిలవను. నా పాత లుంగీ ఒకటి కింద పరిచాను, నా వాసన నాకన్నా ముందు దానికి పరిచయమవుతుందని. రాత్రి రెండింటప్పుడు ఇల్లు సద్దుమణిగాక గోళ్ళ చప్పుడు టిక్కుటిక్కుమంటుంది, నీళ్ళు తాగి, గదంతా వాసన చూసుకుని మళ్ళీ దూరిపోతుంది. మొన్న నా చెప్పు దగ్గర కాసేపు ఆగింది. మీ నానమ్మని లేపి చెప్పాను, ఆవిడ విసుక్కోకుండా లేచి కూర్చుంది.

దీపావళికి వస్తారుగా. మన గేటు ముందు టపాకాయలు వద్దు, వీధిలో ఎలాగూ పేలతాయి కాబట్టి సాయంత్రమే కిటికీలు మూసి టీవీ పెడదాం. గంగ నిద్రపోయినప్పుడు గది గుమ్మం దగ్గర నేల మీద పడుకుని చూడండి, చెయ్యి చాపకుండా, కళ్ళల్లోకి తేరిపార చూడకుండా. గడియారం పెట్టుకుని నిమిషానికి ఎన్నిసార్లు పొట్ట లేస్తుందో లెక్కపెట్టండి, నిద్రలో 15 నుంచి 30 మధ్య ఉంటే బాగున్నట్టే. ముడుచుకుని పడుకుందా, కాళ్ళు బారజాపిందా అది కూడా చూడండి. ఒక్కోసారి నిద్రలోనే పాదాలు కదుపుతుంది, ఎటో పరిగెత్తుతున్నట్టు, చిన్నగా వఫ్ అంటుంది. అప్పుడు లేపకండి.

మీ తాతయ్య