ఊఫర్ బాక్స్, హారన్ జత: మా షెడ్‌లో రోజూ వినే అపోహలు

పాత సినిమా హాళ్లలో తెర వెనక ఉండే తరహా స్పీకర్లు ఇళ్లకు చేసిపెట్టడం నా పని. కింద 15 అంగుళాల ఊఫర్ (బేస్ పలికే పెద్ద స్పీకర్) ఉన్న బాక్స్, దాని మీద హారన్ (పై స్వరాలు పలికే గరాటు లాంటి మూతి). చూడ్డానికి ఇంతే. చాలామంది హారన్ ఒకచోట, ఊఫర్ ఇంకోచోట కొని తెచ్చి, "అన్నా, వీటికో డబ్బా కొట్టించి కలిపెయ్" అంటారు. విడిగా చూస్తే ఏదీ చెడ్డ సరుకు కాదు. చిక్కంతా రెండూ కలిసే చోటే. ఆ చోటు సాధారణంగా 500 నుంచి 1,200 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, అంటే మనిషి గొంతు మధ్యలో. అక్కడ అతుకు సరిగా పడకపోతే ఘంటసాల పాట పెట్టగానే దొరికిపోతుంది.

అపోహ: బాక్స్ ఎంత పెద్దదైతే బేస్ అంత.

బిందెలో నీళ్లు పడుతుంటే శబ్దం మారడం అందరం విన్నదే. లోపల గాలి తగ్గేకొద్దీ శబ్దం సన్నబడుతుంది. పోర్టు (గాలి బయటికి వచ్చే రంధ్రం) ఉన్న బాక్స్‌కీ అలాగే ఒక సొంత స్వరం ఉంటుంది. లోపలి గాలి, పోర్టు కొలత కలిసి దాన్ని తేలుస్తాయి. ఆ స్వరం ఊఫర్ స్వభావానికి నప్పాలి. థియేటర్ రకం ఊఫర్లకు కోన్ (ముందుకీ వెనక్కీ కదిలే గరాటు ఆకారపు పొర) తేలిక, అయస్కాంతం బలం ఎక్కువ. వాటిని ఎంత పెద్ద బాక్స్‌లో పెట్టినా బేస్ పలచగానే ఉంటుంది. ఈ లెక్కలను ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, తర్వాత 1970ల్లో రిచర్డ్ స్మాల్ ఒక పద్ధతిలో పెట్టారు. పాత డిజైన్లు అంతకు ముందువి. అమెరికా కంపెనీ ఆల్టెక్ లాన్సింగ్ వాళ్ల పేరుమోసిన సినిమా హాలు స్పీకర్ ఏ7నే చూడండి. అది ఉన్నది హాల్లో చివరి వరసకి మాట స్పష్టంగా చేర్చడానికి. ఊఫర్ ముందున్న పొట్టి హారన్ మధ్య బేస్‌కే సాయం చేస్తుంది, లోతైన బేస్‌కి కాదు. దాని నకలు చేయించుకుని "ఇంత డబ్బాకి బేస్ ఏదీ?" అని అడిగితే నేనేం చెప్పను!

అపోహ: క్రాసోవర్ (ఊఫర్ ఆగి హారన్ అందుకునే ఫ్రీక్వెన్సీ) ఎంత కిందికి దింపితే హారన్ మజా అంత ఎక్కువ.

అదే ఆల్టెక్‌లో 511 హారన్ 500 హెర్ట్జ్‌కి, 811 హారన్ 800కి. 511 మూతి వెడల్పు సుమారు 23.5 అంగుళాలు, 811ది 18.5. కిందికి వెళ్లాలంటే మూతి పెరగాల్సిందే. చిన్న హారన్‌ని బలవంతంగా దింపితే దాని పట్టు పోతుంది, డయాఫ్రమ్ (హారన్ వెనకున్న డ్రైవర్‌లో కదిలి శబ్దం పుట్టించే పల్చటి పొర) గాల్లో ఊగుతుంది. పైగా ఆ పట్టు లేనప్పుడు అదే సౌండ్ రావాలంటే ఫ్రీక్వెన్సీ సగమైనప్పుడు డయాఫ్రమ్ కదలిక నాలుగింతలవుతుంది. దాని ప్రాణం ఎంత సున్నితమో నాకు మొదట్లోనే తెలిసొచ్చింది. తక్కువ ఫ్రీక్వెన్సీలని ఆపే కెపాసిటర్ లేకుండా డ్రైవర్‌ని నేరుగా ఆంప్లిఫయర్‌కి కలిపి స్విచ్ వేశాను. "టప్" అని ఒక్క దెబ్బ, తర్వాత అన్నీ గరగరలే. అప్పటి నుంచి నా టెస్టింగ్ వైర్‌కి 20 మైక్రోఫారడ్ కెపాసిటర్ శాశ్వతంగా అతికే ఉంటుంది.

అపోహ: రెండింటి సౌండ్ లెవెల్ కుదిరితే జత కుదిరినట్టే.

ఇది అన్నిటికన్నా మొండి అపోహ. సోఫా మధ్యలో కూర్చుంటే నిజమే అనిపిస్తుంది కూడా. ఒక పెద్దాయన చిన్న హారన్‌తో 2,000 హెర్ట్జ్ దగ్గర కలిపించుకున్నారు. ఆయన కుర్చీలో అద్భుతం. పక్కన కూర్చున్న ఆవిడ మాత్రం "పాటలో మాటలు మసగ్గా ఉన్నాయండీ, 'స' అన్నప్పుడు మాత్రం చెవిలో గుచ్చుకుంటోంది" అన్నారు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. 15 అంగుళాల కోన్ ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ శబ్దాన్ని టార్చిలైట్‌లా ముందుకే కొడుతుంది. 1,000 హెర్ట్జ్ దగ్గర దాని వెలుగు, అంటే శబ్దం విచ్చుకునే కోణం, దాదాపు 90 డిగ్రీలు, 2,000 దగ్గర 45 కూడా ఉండదు. ఆ పైన 90 డిగ్రీల హారన్ మొదలైతే శబ్దం ఒక్కసారిగా విచ్చుకుంటుంది. పక్క కుర్చీకి మధ్యలో గుంట, తర్వాత ముల్లు. ఈక్వలైజర్ ఈ గుంటని పూడ్చలేదు, ఎందుకంటే సోఫా మధ్యలో అసలు గుంటే లేదు. పెద్ద హారన్ తెప్పించి 1,000 దగ్గర కలిపాను. లెవెల్ మునుపటిదే, మాటలు మాత్రం రెండు కుర్చీలకీ అందాయి. అందుకే హారన్ కొనేవాళ్లని నేను బ్రాండ్ కన్నా ముందు ఎన్ని డిగ్రీలని అడుగుతాను.

అపోహ: హారన్ మూతి బాక్స్ ముందుభాగంతో సమంగా ఉండాలి.

చూపుకి బాగుంటుంది, అంతే. డ్రైవర్ హారన్ వెనక చివర ఉంటుంది. అది ఊఫర్ కాయిల్ (కోన్‌ని కదిపే తీగచుట్ట) కన్నా 30 సెంటీమీటర్లు వెనకబడితే శబ్దం దాదాపు 0.9 మిల్లీసెకన్లు ఆలస్యం. 800 హెర్ట్జ్ అల పొడవే 43 సెంటీమీటర్లు కాబట్టి అది చిన్న తేడా కాదు. నేను చేసేది ఇది: రెండు కాయిల్స్ ఒకే నిలువు గీతలోకి వచ్చేలా హారన్ పెట్టి, క్రాసోవర్ ఫ్రీక్వెన్సీ టోన్ వదిలి, చెవి రెండింటి మధ్య ఎత్తులో ఉంచుతాను. డ్రైవర్ వైర్లు అటూ ఇటూ తిప్పి చూస్తే ఒక వరసలో సౌండ్ పడిపోతుంది. ఆ వరసలోనే హారన్‌ని అంగుళం ముందుకీ వెనక్కీ జరిపి, బాగా పడిపోయిన చోట పెన్సిల్ గీత గీసి, అప్పుడు వైర్లు తిప్పేస్తాను. ఉల్టా వైర్లతో సౌండ్ ఎంత పడిపోతే, తిప్పాక రెండూ అంత బాగా కలుస్తాయి. హారన్ బాక్స్ ముందుకి పొడుచుకొచ్చినా పర్లేదు.

అపోహ: హారన్ అంటే పెళ్లి మైకు సెట్టు గోల.

ఆ గోల చాలాసార్లు లెవెల్‌ది. ఒకే పవర్‌కి హారన్ 107 డెసిబెల్స్, ఊఫర్ 95 ఇస్తే, పవర్‌లో పదహారో వంతే హారన్‌కి వెళ్లేలా తగ్గించాలి. దానికి ఎల్-ప్యాడ్ (హారన్ సౌండ్ తగ్గించే తిప్పుడు నాబ్) ఉంది. పాటతో కాదు, వార్తలు చదివే గొంతు పెట్టి తిప్పండి, మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టు అనిపించేదాకా. ఇంకా లోహపు మోత వినిపిస్తుంటే హారన్ పక్కల మీద వేలితో కొట్టి చూడండి. పోత అల్యూమినియం గంటలా "టంగ్" అంటుంది. బయటివైపు కారు డోర్లకి వేసే తారు షీటు అతికించి మళ్లీ కొట్టండి. "టక్" అని ఆగిపోయిందా, ఇక ఎల్-ప్యాడ్ మరోసారి సరిచూసుకోండి.