మట్టీ నీళ్లూ కలిపితే ఏమొస్తుంది?

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. బ్రౌజర్‌లో ఒక వస్తువును లాగి ఇంకోదాని మీద పడేస్తే మూడోది పుట్టే ఆటలు మీలో చాలామంది ఆడుతున్నారు. నేను కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి కదా, అందుకని "తాతయ్యా, ఇక కొత్తవి రావట్లేదు, ఏం చేయాలి?" అని నన్నే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి ఈ ఉత్తరం.

ముందు ఒక చిన్న పని చేయండి. లిటిల్ ఆల్కెమీ 2 తెరిచి మట్టినీ నీటినీ కలపండి. బురద వస్తుంది. ఇన్ఫినిట్ క్రాఫ్ట్‌లో అవే రెండూ కలపండి. మొక్క వస్తుంది. మట్టికి మట్టే కలిపితే మొదటి ఆటలో నేల, రెండోదాంట్లో కొండ. నిప్పుకు నిప్పు కలిపితే ఒకచోట శక్తి, ఇంకోచోట అగ్నిపర్వతం. సరుకు ఒకటే, జవాబు చెప్పేవాళ్లు వేరు. ఎవరు చెబుతున్నారో తెలిస్తేనే ఎలా వెతకాలో తెలుస్తుంది.

లిటిల్ ఆల్కెమీని యాకుబ్ కొజియోల్ అనే ఆయన 2010లో తయారుచేశాడు. రెండో భాగం 2017లో వచ్చింది. ఇందులో ఏ రెండు కలిస్తే ఏది రావాలో మనుషులే కూర్చుని ముందుగా రాసిపెట్టారు. రెండో భాగంలో మామూలుగా ఉండేవి 720 వస్తువులు, అక్కడితో సరి. "720 ఏ పాటి, అన్నీ అన్నిటితో కలిపేస్తే పోలా" అంటారేమో, లెక్క వేసి చూడండి. నాలుగు వస్తువులుంటే, దేన్ని దానితోనే కలపడం కూడా లెక్కలోకి తీసుకుంటే, 10 జతలు. వంద వస్తువులైతే 5,050. 720 అయితే 2,59,560. జతకు ఐదు సెకన్లు చొప్పున తిండీ నిద్రా మానేసి ఆడినా 15 రోజులు పడుతుంది. పైగా అందులో చాలా జతలకు జవాబే లేదు.

కాబట్టి గుడ్డిగా కలపడం కాదు, ఆట రాసినవాడు ఏమనుకుని ఉంటాడో ఊహించాలి. నీటికి నీరు కలిపితే గుంట, గుంటకు గుంట చెరువు, చెరువుకు చెరువు సరస్సు, ఆ తరవాత సముద్రం, దానికి అదే కలిపితే మహాసముద్రం. దీన్ని బట్టి ఆయన బుర్ర ఎలా నడుస్తుందో తెలిసిపోవడం లేదూ? కొత్త వస్తువు ఏది దొరికినా మొదట దాన్ని దానితోనే కలిపి చూడండి. ఆ తరవాత నిప్పు, నీరు, మనిషి, పనిముట్టు లాంటి వాటితో కలపండి. ఇవి పెళ్లింట్లో అందరికీ ఏదో ఒక వరసయ్యే మేనమామలాంటివి. మనిషికి మొక్క కలిస్తే రైతు, లోహం కలిస్తే పనిముట్టు. వంద వస్తువులు పూర్తయ్యాక "కాలం" అనేది దానంతట అదే వచ్చి చేరుతుంది. అది రాగానే పాతవన్నీ ఒకసారి మళ్లీ తీసి దానితో కలపాలి. చాలామంది చేయనిది ఇదే. కొత్తవాటి వెంటపడి పాతవాటిని మరిచిపోతారు.

మనిషిని చేయడానికి అందులో బంకమట్టికి జీవం కలపాలి. పార్వతీదేవి నలుగుపిండితో వినాయకుణ్ణి చేసిన కథ విన్న మనకు ఇది తట్టడం కష్టం కాదు. అసలు చిక్కు జీవం దగ్గరే. మహాసముద్రంలో మట్టి కలిపితే ప్రైమోర్డియల్ సూప్ అనేది వస్తుంది, దానికి శక్తి తగిలిస్తే జీవం. ఇదేదో సరదాకి పెట్టారనుకోకండి, దీని వెనక నిజమైన సైన్సు ఉంది. జె.బి.ఎస్. హాల్డేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1929లో రాసిన వ్యాసంలో, తొలినాళ్ల సముద్రాలు రకరకాల పదార్థాలు కరిగిన వేడి సూప్‌లా ఉండేవనీ, జీవం అందులోంచే మొదలై ఉంటుందనీ అన్నాడు. షికాగో విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్లర్ అనే కుర్రాడు, హెరాల్డ్ యూరే దగ్గర చదువుకుంటూ దాన్ని గాజు సీసాల్లో చేసి చూశాడు. నీటి ఆవిరి, మీథేన్, అమోనియా, హైడ్రోజన్ కలిపి, మెరుపుల బదులు కరెంటు నిప్పురవ్వలు రోజుల తరబడి పంపించాడు. నీళ్లు రంగు మారాయి. అందులో అమైనో ఆమ్లాలు, అంటే మన ఒంట్లో ప్రొటీన్లు తయారయ్యే ముడిసరుకు, దొరికాయి. 1953లో ఆ ఫలితం అచ్చయింది. జీవం మాత్రం పుట్టలేదు. ఆటలో ఒక్క క్షణంలో అయిపోయే పని ప్రయోగశాలల్లో ఇప్పటికీ కాలేదు.

హాల్డేన్ గురించి ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఆయన 1957లో మన దేశానికి వచ్చేశాడు, భారత పౌరుడయ్యాడు, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. తన శరీరాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇవ్వమని వీలునామా రాశాడు. మీరు స్క్రీన్ మీద కలిపే ఆ సూప్‌కు మన కాకినాడతో అంత దగ్గరి చుట్టరికం ఉంది.

ఇక ఇన్ఫినిట్ క్రాఫ్ట్. నీల్ అగర్వాల్ 2024 జనవరి ఆఖరున విడుదల చేశాడు. ఇందులో ముందే రాసిపెట్టిన పట్టిక లేదు. మీరు రెండు వస్తువుల్ని కలపగానే, ఆ జతను ఇదివరకే ఎవరైనా కలిపారా అని చూస్తుంది. కలిపి ఉంటే దాచిన జవాబే ఇస్తుంది, అందుకే మీకూ మీ ఫ్రెండుకూ ఒకటే వస్తుంది. ఎవరూ కలపకపోతే మెటా సంస్థ తయారుచేసిన లామా అనే భాషా మోడల్‌ను అడుగుతుంది. ఆ మోడల్‌కు నీళ్లు తెలియవు, నిప్పు తెలియదు. మనుషులు రాసిన కోట్ల మాటలు చదివి, ఏ మాట పక్కన ఏ మాట ఒదుగుతుందో ఊహిస్తుంది, అంతే. మట్టీ నీళ్లూ అనగానే దానికి మొక్క తోచింది.

మీరందరూ తెగ పరుగులు పెట్టే "ఫస్ట్ డిస్కవరీ" అంటే, అంతకుముందు ఎవరికీ రాని ఫలితం మీకు రావడం. జత కొత్తదైతే చాలదు, వచ్చిన మాట కూడా కొత్తది కావాలి. పొడుగాటి పేర్లను పొడుగాటి పేర్లతో ముడివేస్తూ పోతే అర్థం పర్థం లేనివి ఎన్నయినా వస్తాయి. వాటికి నేను పెద్దగా మురిసిపోను. ఎవరైనా గుర్తుపట్టగలిగే వస్తువు, ఇంకా ఎవరూ తీయనిది తీస్తే అప్పుడు చూపించండి. దానికో దారి చెబుతాను: ఆ మోడల్ చదివిన రాతల్లో అత్యధిక భాగం ఇంగ్లీషువే, ఆడేవాళ్లూ ఎక్కువమంది అటువైపువాళ్లే. అందుకని ఇండియా అన్న మాటను ఎలాగోలా సంపాదించి, అక్కణ్ణుంచి బియ్యం, మిరపకాయ, మామిడికాయ, పండుగ, గుడి, చేనేత ఇలా మన వాకిళ్లలోకి నడిపించండి. అటు తొక్కినవాళ్లు తక్కువని నా అంచనా.

ఆగిపోయినప్పుడు నెట్‌లో జవాబుల పట్టిక ఒకసారి చూస్తే తప్పేం లేదు. మొదటి నుంచి చివరిదాకా అది చూసి కలిపితే మాత్రం మీరు ఆడినట్టు కాదు, టైపిస్టు పని చేసినట్టు.

ఒక్కటి మాత్రం కెమిస్ట్రీ మాస్టారుగా చెప్పాలి. ఆటలో నీరు మూలకం, పరీక్షలో అలా రాస్తే సున్నా. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిస్తే నీరవుతుందని 1780లలో కావెండిష్, లావోయిజే ప్రయోగాలతో తేలింది. నిప్పు అసలు పదార్థమే కాదు, జరుగుతున్న చర్య. ఇసుకకు నిప్పు తగిలిస్తే గాజు అన్నది మాత్రం చాలావరకు నిజం. కాకపోతే ఒట్టి ఇసుక కరగడానికి దాదాపు 1,700 డిగ్రీల వేడి కావాలి కాబట్టి ఫ్యాక్టరీల్లో సోడా, సున్నం కూడా కలుపుతారు.

మరిచిపోయాను, మీరు కనుక్కున్నవన్నీ ఆ బ్రౌజర్‌లోనే దాగి ఉంటాయి. ఫోన్‌లో జాగా చాలట్లేదని నాన్న బ్రౌజింగ్ డేటా చెరిపేస్తే మళ్లీ నీరు, నిప్పు, గాలి, మట్టి దగ్గరికే వస్తారు. చెరిపేముందు అడగమని ఇంట్లో ఇప్పుడే చెప్పి పెట్టుకోండి.

మీ తాతయ్య