ఆల్బమ్ విప్పి అమ్మడం వెనక రెండు వందల ఏళ్ల బేరం

పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా స్త్రీలు స్నేహితుల చేత పద్యాలు రాయించుకుని, బొమ్మలు వేయించుకుని దాచుకున్న స్నేహ ఆల్బమ్‌లను విప్పి, పేరున్నవాళ్ల చేతిరాత ఉన్న ఆకులను విడివిడిగా అమ్మడం మీద పాత తగువు మళ్లీ రాజుకుంది. అమ్మకందారుల మాట సూటిగానే ఉంటుంది: కుట్టు ఊడిన ఆల్బమ్‌ను మొత్తంగా కొనేవాళ్లు తక్కువ, విడి ఆకు కొనేవాళ్లు ఎక్కువ, విప్పేముందు ప్రతి పుటా స్కాన్ చేస్తున్నాం కాబట్టి పోయేదేమీ లేదు. పోయేది చాలా ఉందని గ్రంథాలయాల వాళ్లూ చరిత్రకారులూ అంటున్నారు.

పదహారో శతాబ్దంలో జర్మన్ విద్యార్థులు గురువుల చేత, మిత్రుల చేత రాయించుకున్న పుస్తకాల సంగతి, నచ్చిన వాక్యాలు ఎత్తిరాసుకునే పుస్తకాలకు జాన్ లాక్ చెప్పిన సూచిక పద్ధతి సంగతి చాలామంది రాశారు. ఇవాళ్టి తగువుకు మూలం అక్కడ లేదు. 1815-16లో వర్జీనియాలో ఒక ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పడానికి కుదిరిన విలియం స్ప్రేగ్ అనే యువకుడి దగ్గర ఉంది. జార్జ్ వాషింగ్టన్ కాగితాలు అప్పట్లో ఆయన తమ్ముడి కొడుకు బుష్‌రాడ్ చేతిలో ఉండేవి. కావలసిన ఉత్తరాలు తీసుకోవచ్చు, తీసిన చోట నకలు రాసిపెట్టాలి అన్న షరతు మీద స్ప్రేగ్‌కు అనుమతి దొరికింది. అలా సుమారు 1,500 ఉత్తరాలు ఆ కాగితాల్లోంచి బయటికి వెళ్లాయి. ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ అందులో తప్పేమీ కనబడలేదు. మాటలు నకల్లో ఉన్నాయి కదా, అసలు కాగితం ఎవరి దగ్గరుంటేనేం అన్నదే ఆ బేరం. నకలు స్థానంలో స్కాన్ అని మార్చి చదివితే ఇవాళ వేలం జాబితాల్లో వినిపించే వాదన అక్షరం పొల్లుపోకుండా ఇదే.

స్ప్రేగ్ తర్వాత ఆల్బనీలో పాస్టర్‌గా స్థిరపడి, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాళ్లందరి చేతిరాతనూ ఒక్కచోట చేర్చిన మొదటి సేకరణకర్త అనిపించుకున్నాడు. సెట్ పూర్తిచేయడమనే ఈ పద్ధతి చేసిన హాని పెద్దది. సెట్ పూర్తిచేయాలనుకునేవాడికి కావలసింది ఉత్తరం కాదు, పేరు. పేరు ఒక్కటే చాలన్నాక, చుట్టూ ఉన్న కాగితమంతా అడ్డమే. పుస్తకాలను కోసి బొమ్మలు అతికించుకునే సరదా ఇంగ్లండులో 1769లో ఆ దేశపు ప్రముఖుల చరిత్ర చెప్పే జేమ్స్ గ్రేంజర్ పుస్తకం వచ్చాకనే మొదలైంది కాబట్టి, కత్తెర కొత్తది కాదు. దానికి స్థిరమైన బజారు దొరకడం కొత్త. 1887లో న్యూయార్క్‌లో వాల్టర్ బెంజమిన్ ఆటోగ్రాఫ్‌ల వ్యాపారం తెరిచేనాటికి ఆ బజారు నిలదొక్కుకుంది.

ఆ మధ్యకాలంలోనే ఆల్బమ్ కూడా మారిపోయింది. 1830ల నాటి ఆల్బమ్ పెద్దది, దాదాపు మన నోటుపుస్తకమంత. తోలు అట్ట మీద అచ్చు ఒత్తిన డిజైను, మూడు అంచులకూ బంగారు పూత, లోపల చెక్కిన శీర్షిక పుట, నాలుగైదు స్టీల్ ప్లేటు బొమ్మలు, మధ్యమధ్య లేత రంగు కాగితాలు. న్యూయార్క్‌లో జె. సి. రైకర్ వంటి ప్రచురణకర్తలు ఇలాంటివి అచ్చువేసి అమ్మేవారు. యజమానురాలు ఆల్బమ్‌ను స్నేహితురాలి ఇంటికి పంపేది. అది అక్కడే రోజుల తరబడి ఉండేది. పద్యం ఎంచి, నీటిరంగులతో పువ్వు వేసి, తేదీ ఊరు రాసి తిరిగి పంపేవారు. అమెరికా అంతర్యుద్ధం తర్వాత వచ్చినవి చిన్నవి, అడ్డంగా పొడుగ్గా ఉండేవి, రెండు నిమిషాల్లో సంతకం చేసి ఇచ్చేయడానికి వీలైనవి. మన దగ్గర పదో తరగతి చివర్లో చేతులు మారే ఆటోగ్రాఫ్ పుస్తకం రూపంలో ఈ రెండో రకానికే దగ్గర. మొదటి రకంలో పుస్తకానికి గుర్తింపు సొంతదారు పేరుతో. రెండో రకంలో సంతకం చేసినవాళ్ల పేరుతో. బజారు మొదటి రకాన్ని కూడా రెండో రకం లెక్కలోనే తూచింది.

అలా తూచితే ఏమవుతుందో తెలియడానికి ఎమీ మటిల్డా కాసీ ఆల్బమ్ చాలు. ఆమె ఫిలడెల్ఫియాలో నల్లజాతి ఉన్నత కుటుంబానికి చెందిన స్త్రీ, బానిసత్వ వ్యతిరేక ఉద్యమకారిణి. తండ్రి న్యూయార్క్‌లో ఎపిస్కోపల్ మతగురువు. భర్త జోసెఫ్ కాసీ క్షురకవృత్తితో మొదలై ఆస్తిపరుడైనవాడు, విలియం లాయిడ్ గారిసన్ నడిపిన బానిసత్వ వ్యతిరేక పత్రికకు ఆ ఊరి ఏజెంటు. ఆల్బమ్‌లో 1833 నుంచి 1856 దాకా రాతలున్నాయి. గారిసన్ రాశాడు. బానిసత్వం నుంచి తప్పించుకుని ఉద్యమ నేత అయిన ఫ్రెడరిక్ డగ్లస్ 1850లో రాశాడు. వేలందారు కళ్లతో చూస్తే ఆ పుస్తకంలో ‘సరుకు’ ఈ రెండు మూడు ఆకులే.

మిగతా ఆకుల్లో ఏముంది? సారా మాప్స్ డగ్లస్ వేసిన పూలున్నాయి. ఆమె బడి నడిపిన పంతులమ్మ. కాసీ ఆల్బమ్‌లోనూ, డికర్సన్ అక్కచెల్లెళ్లు మేరీ ఆన్, మార్టినా ఆల్బమ్‌లలోనూ ఉన్న ఆమె చిత్రాలను, ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీ సంతకంతో మనకు మిగిలిన తొలి చిత్రాలుగా గుర్తిస్తున్నారు. వంద ఏళ్ల కింద ఏ జాబితాలోనూ ఆ పేరుకు ధర లేదు. అప్పుడే విప్పి ఉంటే డగ్లస్ ఇంటిపేరున్న మగవాడి ఆకు అద్దాల ఫ్రేములోకి, ఈ డగ్లస్ పూలు చెత్తలోకి పోయేవి. ఈ మూడు ఆల్బమ్‌లూ ఇప్పుడు ఫిలడెల్ఫియా లైబ్రరీ కంపెనీలో భద్రంగా ఉన్నాయంటే, వాటిని ఇళ్లలో చెక్కుచెదరకుండా దాచినవాళ్ల పుణ్యం.

ఆ రాతలు పడిన ఏళ్లు కూడా మామూలువి కావు. 1838 మే 17న బానిసత్వ వ్యతిరేకులు ఫిలడెల్ఫియాలో కట్టుకున్న పెన్సిల్వేనియా హాలును అల్లరిమూక తగలబెట్టింది. అది తలుపులు తెరిచిన నాలుగో రోజు. అదే ఏడాది ఆ రాష్ట్ర కొత్త రాజ్యాంగం నల్లజాతి పురుషుల ఓటు లాగేసుకుంది. ఆ ఊళ్లో ఒక ఆల్బమ్ ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి వెళ్లింది, ఎవరి పక్క పుటలో ఎవరు రాశారు అన్నది అలంకారం కాదు, ఎవరు ఎవరికి అండగా నిలిచారో చెప్పే సాక్ష్యం. ఆల్బమ్‌లో తేదీలు వరుసగా ఉండవు. తమకు నచ్చిన పుట ఎంచుకుని రాసేవారు. 1840 రాత పక్కన 1850 రాత ఉండవచ్చు, మధ్యలో ఖాళీ పుటలు ఉండవచ్చు. విడిపోయిన ఆకులను తేదీల ప్రకారం పేర్చి వరుస తిరిగి పట్టుకోవడం అందుకే అసాధ్యం.

స్కాన్‌లో అన్నీ ఉంటాయన్న మాటకు జవాబు బైండింగ్ తెలిసినవాళ్లు ఇవ్వగలరు. కాగితాలను మధ్యకు మడిచి, ఫారాలు అనే చిన్న కట్టలుగా చేర్చి, మడత మీదుగా కుడతారు. అంటే ఒక ఆకు కోస్తే దాని జంట ఆకు కుట్టులో పట్టు కోల్పోతుంది. క్రమంగా అదీ ఊడుతుంది, ‘ఎలాగూ ఊడిపోయిన ఆల్బమ్’ అనే సాకు అలా తయారవుతుంది. అప్పటి సిరా చాలావరకు మాచికాయ, అన్నభేది కలిపి చేసినది. అందులోని ఆమ్లం ఏళ్ల తరబడి ఎదుటి పుటను గోధుమరంగుకు తిప్పుతుంది. ఆ నీడను బట్టే ఏ ఆకు ఏ ఆకుకు ఎదురుగా ఉండేదో తేలుతుంది. మరక పోగొట్టి ధర పెంచుదామని అలాంటి ఆకును నీళ్లలో తడిపితే ఇనుము కరిగి పక్కకు పాకుతుంది, సిరా తగలని చోట కూడా కాగితం పెళుసెక్కుతుంది. తుమ్మ బంక ఎక్కువ వేసి మెరుగు తెచ్చిన పువ్వులైతే ఆకు వంచిన ప్రతిసారీ పెచ్చులూడతాయి.

కోసిన ఆకును గుర్తుపట్టడం కష్టం కాదు. మూడు అంచులకు బంగారు పూత ఉండి నాలుగో అంచు తెల్లగా, తిన్నగా తెగి ఉంటే అది ఆల్బమ్ వంటి పుస్తకంలోంచి కోసిందే.

అమ్మకందారుల వైపు కూడా ఒక నిజం ఉంది: వారసులు పట్టించుకోక చెదలు పట్టే ఆల్బమ్ కన్నా బతికిన నాలుగు ఆకులు నయం. కానీ అది చెదల పాలయ్యే ఆల్బమ్‌కు వర్తించే మాట, బాగున్న ఆల్బమ్‌ను విప్పడానికి అనుమతిపత్రం కాదు. నిజంగా విప్పక తప్పకపోతే చేయాల్సిన పని స్కాన్‌తో అవదు. ఫారాలు ఎన్ని, ఒక్కోదానిలో ఆకులెన్ని, ఎక్కడ కోసిన మొదళ్లు మిగిలాయి, ఏ ఆకు దేనికి జంట అని కాగితం మీద పటం గీయాలి. వెనక దీపం పెట్టి నీటిగుర్తులు, పక్కనుంచి వెలుగు వేసి ఒత్తుడు గుర్తులు ఫొటో తీయాలి. మధ్యలో పెట్టిన ఎండుపూలు, వెంట్రుకల పాయలు, చీటీలు ఏ పుటల నడుమ దొరికాయో తీయకముందే రాసుకోవాలి. ఖాళీ పుటలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆ పటం నకలు అమ్మిన ప్రతి ఆకుతోపాటు వెళ్లాలి, యజమానురాలి పేరుతో సహా. విడి ఆకులు కొనే గ్రంథాలయాలు ఈ పటం అడిగిన రోజున, అది లేని ఆకు ధర దానంతట అదే పడుతుంది.