పల్చటి బూట్లు, అడవి నడక: అపోహలు - వాస్తవాలు

కార్తీకం మొదలైతే చాలు, ఒంగోలులో మా ఫిజియోథెరపీ క్లినిక్‌కి ఒకే రకం కేసులు వరసగా వస్తాయి. ఉదయగిరి దుర్గం ఎక్కి వచ్చినవాళ్లు, భైరవకోన మీదుగా కొండల్లోకి నడిచినవాళ్లు, దోర్నాల వైపు నల్లమలలో తిరిగే అటవీశాఖ వాచర్లు. పాదం పైన, వేళ్లకు కాస్త వెనగ్గా వాపు. చేతిలో ఎక్స్‌రే. "ఇందులో ఏమీ లేదన్నారు మేడమ్, నొప్పి మాత్రం తగ్గట్లేదు" అంటారు. గుమ్మం బయట విడిచిన బూట్లు చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. ముందు భాగం వెడల్పు, మడమ ఎత్తు సున్నా, అడుగు నాలుగైదు మిల్లీమీటర్లు. బేర్‌ఫుట్ షూస్, అంటే వట్టి కాళ్లతో నడిచినట్టు ఉండేలా చేసిన బూట్లు. కొని నెల కూడా అయ్యుండదు.

ఎక్కడ చూసి కొన్నారంటే వీడియోల్లో అంటారు. అమెరికాలో లైసెన్సు తీసుకుని ఎల్క్ లాంటి పెద్ద దుప్పుల్ని వేటాడేవాళ్లు కొందరు చప్పుడు కాకుండా దగ్గరికి వెళ్లడానికి ఇలాంటివి వాడతారు. ఆఖరి కొంత దూరం బూట్లు విప్పేసి మేజోళ్లతో నడిచేవాళ్లూ ఉన్నారు. మన దగ్గర వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. వేటకి ఏ బూట్లు మంచివని అడిగేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు. అడవిలో జంతువుల్ని ఫొటో తీసే కెమెరా ట్రాప్‌లు చూసి రావడానికి నడిచేవాళ్లు, పక్షుల ఫొటోలు తీసేవాళ్లు, సెలవుల్లో కొండ ఎక్కేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ఈ బూట్లకు నేను వ్యతిరేకం కాదు. కాలి మీది బరువుని ప్రతి అడుగుకీ ఎత్తి దించాలి. ఒక్కో బూటు 100 గ్రాములు పెరిగితే ఖర్చయ్యే శక్తి దాదాపు 1 శాతం పెరుగుతుందని కొలిచి చూశారు. ముప్పావు కిలో లెదర్ బూటుతో సాయంత్రం దాకా తిరిగే మనిషికి తేలిక బూటు ఎంత సుఖమో నాకు తెలుసు. నా గొడవంతా ఒక్క అపోహతోనే.

అపోహ: "మన తాతలు వట్టి కాళ్లతోనే తిరిగారు. కాబట్టి కొన్న రోజు నుంచే రోజంతా నడవొచ్చు."

వాస్తవం: తాతలు తిరిగిన మాట నిజమే. నడక నేర్చిన రోజు నుంచీ తిరిగారు. నల్లమలలోని పెంటల్లో, అంటే చెంచు గూడేల్లో, పెరిగిన పెద్దల పాదం చూడండి, వేళ్లు విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. ఆ ఎముకలు చిన్నప్పటి నుంచి రాయినీ బరువునీ మోస్తూ గట్టిపడినవి. కలహారి ఎడారిలో సాన్ వేటగాళ్లు 40 డిగ్రీల ఎండలో గంటల తరబడి కుడూ అనే జింక వెంటపడి దాన్ని అలసగొట్టడం, మెక్సికోలో తరహుమారా జనం టైరు చెప్పులతో కొండల్లో పరుగెత్తడం చూపించి బూట్లు అమ్ముతారు. స్కూలు బూట్లూ ఆఫీసు బూట్లూ పాతికేళ్లు వాడి, ముప్పయ్యో ఏట ఉన్నట్టుండి మార్చినవాళ్లు కాదు వాళ్లు.

మన పాదం సంగతి వేరు. మడమ ఎత్తున్న బూట్లలో ఏళ్ల తరబడి ఉంటే పిక్క కండరం, మడమ వెనక స్నాయువు బిగుసుకుంటాయి. మెత్తటి సోలు ఉన్నంతకాలం పాదంలోని చిన్న కండరాలకు పని తక్కువ. అలాంటి పాదాన్ని ఒక్కసారిగా పల్చటి సోలు మీద నిలబెడితే దెబ్బంతా వేళ్ల వెనకుండే పొడవాటి ఎముకలకి, మెటాటార్సల్స్‌కి తగులుతుంది. కండరం కొన్ని వారాల్లో బలపడుతుంది. ఎముకకి నెలలు కావాలి. అసలు ప్రమాదం ఇక్కడే. మూడు వారాలకల్లా పిక్కల నొప్పి పోతుంది, "అలవాటైపోయింది" అనిపిస్తుంది, దూరం పెంచేస్తారు. 2013లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో, అలవాటున్న రన్నర్లను పది వారాల పాటు క్రమంగా, వేళ్లు విడివిడిగా ఉండే పల్చటి బూట్లకు మార్చి ఎంఆర్ఐ తీశారు. అలా మార్చిన 19 మందిలో 10 మందికి పాదం ఎముకల్లో వాపు పెరిగింది. వాళ్లు రోజూ పరుగెత్తేవాళ్లు, పైగా మెల్లగా మారారు. ఆదివారం కొండకని శుక్రవారం బూట్లు తెప్పించుకునేవాళ్ల మాటేమిటి?

"అయ్యప్ప మాలలో 41 రోజులు చెప్పుల్లేకుండా తిరిగాను కదా మేడమ్, నాకు అలవాటే" అని కూడా అంటుంటారు. దీక్షలో చర్మం గట్టిపడుతుంది, కాదనను. కానీ ఆ రోజుల్లో నడక ఇంటికీ గుడికీ ఆఫీసుకీ మధ్య, చాలామటుకు సిమెంటు రోడ్ల మీదే. వీపున పది కిలోల బ్యాగుతో రాళ్ల మీద దిగడం వేరు. మాల తీసిన మర్నాటి నుంచి కాళ్లు మళ్లీ పాత బూట్లలోనే.

కావలి కుర్రాడు ఒకతను సంక్రాంతికి ఇంటికొచ్చి, స్నేహితులతో ఉదయగిరి దుర్గం ఎక్కాడు. సుమారు 3,000 అడుగుల కొండ. దిగేటప్పుడు పాదంలో సన్నగా నొప్పి మొదలైంది. ఎక్స్‌రే తీసినచోట బెణుకన్నారు, క్రేప్ బ్యాండేజీ కట్టారు. అతను తిరుగుతూనే ఉన్నాడు. నా దగ్గరికి వచ్చేసరికి కుంటుతున్నాడు. రెండో మెటాటార్సల్ మీద ఒక్క వేలితో నొక్కితే కుర్చీలోంచి లేచిపోయాడు. మళ్లీ ఎక్స్‌రే తీయిస్తే ఎముక చుట్టూ కొత్త ఎముక పొర కనబడింది. మార్చ్ ఫ్రాక్చర్, అంటే పదే పదే పడే ఒత్తిడికి ఎముకలో వచ్చే సన్నటి పగులు. మార్చింగ్ చేసే సైనికుల పాదాల్లో ఈ వాపుని 1855లోనే ప్రష్యా సైన్యంలోని డాక్టరు ఒకాయన రాసిపెట్టాడు. దీనికి మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రే శుభ్రంగానే కనిపించవచ్చు. వేలితో చూపించగలిగేంత చోట నొప్పి నిలిచిపోతే "ఏమీ లేదు" అనుకుని నడవకండి. ఆ కుర్రాడి అమ్మగారు రాడ్ వేస్తారేమోనని వణికిపోయారు. అమ్మా, ఈ పగులుకి చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు. గట్టి సోలు బూటు, ఆరు నుంచి ఎనిమిది వారాల విశ్రాంతితో అతుక్కుంటుంది. టెన్షన్ పడాల్సింది నిర్లక్ష్యం చేసినప్పుడే.

కనిగిరి, దర్శి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఫ్లోరోసిస్ ముదిరితే ఎక్స్‌రేలో ఎముక దట్టంగా కనిపిస్తుంది గానీ లోపల పెళుసు. కీళ్ల నొప్పులు ఉన్నవాళ్లు డాక్టరుని అడగకుండా పల్చటి సోలు జోలికి వెళ్లొద్దు.

మరి ఎలా మారాలి? ముందు మడమలు లేవకుండా గొంతుక్కూర్చోగలరేమో చూసుకోండి. తర్వాత ఒంటికాలి మీద నిలబడి మడమ పాతికసార్లు ఎత్తి దించండి. ఈ రెండూ కాకపోతే బూట్లు అలమరాలోనే ఉంచి వ్యాయామం మొదలుపెట్టండి. రెండూ చేయగలిగితే, ఈ బూట్లతో మొదటి రెండు వారాలు ఇంట్లోనూ మట్టి నేల మీదా రోజుకో అరగంట. ఆ తర్వాత వారం వారం కొంచెం. బ్యాగు బరువూ కొండ దిగుడూ ఆఖరున, మూడు నెలలు దాటాకే. కొనేటప్పుడు సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, కాగితం మీద నిలబడి గీత గీయించుకోండి. బూటు లోపలి ఇన్‌సోల్ తీసి ఆ గీత మీద పెడితే పాదం బయటికి పొడుచుకు రాకూడదు.

ముళ్ల సంగతి. మన వైపు సర్కారు తుమ్మ లేని బీడు లేదు. ఒక వాచర్ తన బూటు తిరగేసి చూపించాడు. అడుగున చిన్న నల్లచుక్క తప్ప ఏమీ లేదు. లోపల వేలు పెట్టి తడిమితే ముల్లు మొన గుచ్చుకుంది. విరిగిన ముక్క రబ్బరులోనే ఉండిపోయి అడుగడుక్కీ పొడుస్తోంది. గొర్రెల కాపరులు టైరు చెప్పులు వదలకపోవడానికి కారణం ఇదే. మార్కాపురం వైపు పలకరాయి అంచులూ అంతే. పల్చటి సోలే కావాలంటే లోపల ముల్లు దిగని గట్టి ప్లేటు ఉన్నది చూసుకోండి.

మిగతా చిన్న అపోహలు గబగబా. చీలమండ పైదాకా ఉన్న బూటైతే కాలు బెణకదనేది పూర్తిగా నిజం కాదు; బెణుకు ఆపేది చీలమండ బలం. పల్చటి సోలుతో చప్పుడే రాదనడం కూడా అంతే. మాఘంలో ఎండిన టేకాకుల మీద ఎవరు నడిచినా వినబడుతుంది, మెల్లగా అడుగు వేయడమే మార్గం. ఇక పాము భయం. ఏ తేలిక బూటూ రక్తపింజర కోరని ఆపుతుందని నమ్మొద్దు. చీకట్లో టార్చి, చెయ్యీ కాలూ పెట్టేముందు ఒక చూపు. కరిస్తే తాడు కట్టొద్దు, కోయొద్దు, కాలు కదపకుండా 108కి ఫోన్ చేయండి.

షుగర్ ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని బొటనవేలి కింద దూది తాకించుకోండి. తెలియకపోతే ఈ బూట్లు మీకు వద్దు. ముల్లు దిగినా తెలియదు, తెలిసేసరికి పుండవుతుంది. రోజూ తిరగడానికి ఎంసీఆర్ (మెత్తటి మైక్రోసెల్యులార్ రబ్బరు) చెప్పులు వాడండి, కొండ ఎక్కాలనుంటే ముందు డాక్టరుకి పాదం చూపించుకోండి.