చెక్‌లిస్టుకు ఓకే కొట్టిందెవరు?

విశాఖ పోర్టు ఏరియాలో సీహెచ్‌ఏ (ఎగుమతిదారుల తరఫున కస్టమ్స్‌లో కాగితాలు దాఖలు చేసే బ్రోకర్ల) ఆఫీసులకూ రొయ్యల ఎగుమతిదారులకూ మధ్య పాత పేచీ మళ్లీ రాజుకుంది. ఇన్వాయిస్ చదివి షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం) దానంతటదే నింపే సాఫ్ట్‌వేర్ తప్పు చేస్తే, ఆ తప్పు ఎవరి నెత్తిన పడాలి? రీఫర్ (శీతల) కంటైనర్ లారీ మీదే ఉండిపోయి, ఓడకు అప్పగించాల్సిన కటాఫ్ టైమ్ ముంచుకొస్తుంటే ఈ ప్రశ్నకు ఎవరూ నెమ్మదిగా జవాబు చెప్పరు.

కస్టమ్స్‌లోకి కంప్యూటర్లు ఎలా వచ్చాయో, దాని ఆన్‌లైన్ పోర్టల్ ఐస్‌గేట్ ఏం చేస్తుందో ఈ రంగంలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. నేటి గొడవకు మూలం 2011లో ఉంది. ఆ ఏడాది ఫైనాన్స్ యాక్ట్‌తో కస్టమ్స్ చట్టం 17వ సెక్షన్ మారి సెల్ఫ్ అసెస్‌మెంట్ వచ్చింది. అంతకుముందు అసెస్‌మెంట్ అధికారి పని. ఆ తర్వాత సరుకు ఏ కోడ్ కిందికొస్తుందో, విలువెంతో ఎగుమతిదారే ప్రకటించాలి, అధికారి సరిచూస్తారు. టైపు చేసే పని ఎప్పుడూ బ్రోకర్ ఆఫీసుదే. అక్షరానికి ఇంత బరువు వచ్చింది మాత్రం అప్పుడే.

పత్రాలను ఆన్‌లైన్‌లో ఇచ్చే ఈ-సంచిత్ 2018లో దిగుమతులకు తప్పనిసరైంది, తర్వాత ఎగుమతులకూ వచ్చింది. కాగితాల కట్టలు మోసే బాధ తప్పింది, నిజమే. కానీ జరిగిందేమిటి? ఫ్యాక్టరీ కంప్యూటర్‌లో పుట్టిన ఇన్వాయిస్‌ను ప్రింట్ తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి, పీడీఎఫ్‌గా అప్‌లోడ్ చేస్తున్నారు. అంకెలుగా ఉన్నదాన్ని బొమ్మగా మార్చి, ఆ బొమ్మలోంచి మళ్లీ అంకెలు ఏరుకోవడం! ఈ చుట్టు తిరుగుడే సాఫ్ట్‌వేర్ కంపెనీలకు గిరాకీ తెచ్చింది.

రొయ్యల కాగితాలు వాటికి కొరకరాని కొయ్యలు. పౌనుకు 16 నుంచి 20 రొయ్యలు తూగే సైజును 16/20 అని రాస్తారు. స్కాన్ మసకగా ఉంటే మధ్య గీత ఒకటి అంకెలా కనబడి 16120 అవుతుంది. గ్లేజ్‌తో (రొయ్యల మీది మంచు పూతతో) కలిపిన బరువు ఒక గడిలో, తీసేసిన బరువు పక్క గడిలో ఉంటుంది. ఎగుమతిదారు ఫార్మాట్‌లో ఒక్క గడి జరిపినా సాఫ్ట్‌వేర్ పక్క అంకెను తెచ్చి పెట్టేస్తుంది. తను చదివినదాని మీద ఎంత నమ్మకముందో సాఫ్ట్‌వేరే ఒక స్కోరు ఇస్తుంది. అది ఎంతకు తగ్గితే మనిషి చూడాలన్నది ఎవరో ఒకరు సెట్ చేయాలి. ఆ హద్దు తగ్గించేకొద్దీ పని పరుగెడుతుంది, చూసే కళ్లు తగ్గిపోతాయి.

ఎగుమతిదారుల మాట సూటిగానే ఉంది: డబ్బు తీసుకుని ఫైల్ చేసింది బ్రోకర్, కాబట్టి బాధ్యతా అతనిదే.

బ్రోకర్ల దగ్గర చెప్పడానికి చాలా ఉంది. ఫైల్ చేసే ముందు, నింపిన వివరాల చెక్‌లిస్టు ఎగుమతిదారుకు పంపుతారు. అవతలి నుంచి వాట్సాప్‌లో ‘ఓకే’ వచ్చాకే సబ్మిట్ కొడతారు. ఆ ఓకే చదివి పెట్టిందా, అలవాటుగా పెట్టిందా? పైగా కొన్నిచోట్ల సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకున్నది ఎగుమతిదారే, హద్దు పెట్టింది అమ్మిన కంపెనీ. ఏళ్ల తరబడి చేయి తిరిగిన డాక్యుమెంటేషన్ గుమస్తా ఒక్క చూపులో పట్టే తప్పు, అతన్ని పక్కన పెట్టాకే బిల్లుదాకా వెళ్తోందని వాళ్లంటారు. 2018 నాటి బ్రోకర్ల లైసెన్సింగ్ నిబంధనల్లో ఉద్యోగి పొరపాటుకు బ్రోకర్ బాధ్యుడు. సాఫ్ట్‌వేర్‌ను ఉద్యోగి అనలేం కదా.

దిద్దుబాటుకు దారి లేకపోలేదు. 149వ సెక్షన్ కింద సవరణ అడగొచ్చు. సరుకు వెళ్లిపోయాక అడిగితే మాత్రం, ఎగుమతి నాటికే ఉన్న పత్రాలు చూపాలి. 2025లో 18ఏ సెక్షన్ చేర్చి, క్లియరెన్స్ తర్వాత ఎగుమతిదారు తనంతట తాను సవరించుకునే వీలూ కల్పించారు. ఏ దారిలో వెళ్లినా కస్టమ్స్ ముందు నిలబడేది ఎగుమతిదారు, బ్రోకర్ ఇద్దరే. ఏ గడిని సాఫ్ట్‌వేర్ నింపింది, ఏది మనిషి మార్చాడు, ఎప్పుడు అన్నది చెప్పే లాగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సర్వర్‌లో ఉంటే, బ్రోకర్ దాన్నీ అడుక్కోవాలి. నిబంధనల ప్రకారం తన రికార్డులు కనీసం ఐదేళ్లు దాచాల్సింది మాత్రం అతనే.