భయం దిగేదాకా అక్కడే ఉండండి

బెంగళూరు

పిల్లలూ,

మూడో క్రాస్ మలుపులో కుక్క పడుకుని ఉంటుందని నాలుగో క్రాస్ చుట్టూ తిరిగి స్కూలు బస్సు ఎక్కేవాళ్ళు మీలో ఉన్నారు. లిఫ్టు ఎక్కలేక బ్యాగు మోసుకుంటూ పదకొండో అంతస్తు దాకా మెట్లెక్కేవాళ్ళున్నారు. సూది పేరు చెబితేనే కళ్ళు తిరిగేవాళ్ళున్నారు. "ఇంత పెద్దయ్యావు, ఇంకా భయమేంటి" అనే మాట మీకందరికీ తగిలే ఉంటుంది. ఆ మాటతో ఎవరి భయమూ పోదు. దానికి వేరే పద్ధతి ఉంది, ఓపిగ్గా చదవండి.

కుక్క కనబడగానే ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోను విడుదలవుతుంది. గుండె దడదడలాడుతుంది. రక్తం పెద్ద కండరాలవైపు మళ్ళుతుంది కాబట్టి చేతులు చల్లబడతాయి, నోరు ఎండిపోతుంది. ఒళ్ళు పరుగుకి సిద్ధమవుతోందన్నమాట. ఈ దడ అలా పెరుగుతూనే పోదు. కదలకుండా ఉంటే కాసేపటికి, చాలామందికి అరగంటలోపే, దానంతటదే దిగుతుంది. కానీ అది దిగకముందే మనం పక్క వీధిలోకి తిరిగేస్తాం. అమ్మయ్య అనిపిస్తుంది. తప్పించుకున్నాను కాబట్టే బతికాను అని మెదడు ఆ క్షణాన రాసేసుకుంటుంది. ఏళ్ళ తరబడి భయానికి తిండి పెట్టేది ఆ చుట్టుదారే.

ఇది తిప్పికొట్టవచ్చని వందేళ్ళ కిందటే తేలింది. కుందేలంటే హడలిపోయే పీటర్ అనే పిల్లవాడి గురించి అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1924లో రాశారు. వాడికి అప్పటికి మూడేళ్ళు కూడా నిండలేదు. వాడికిష్టమైనది తినడానికి పెట్టి, వాడు తినడం ఆపనంత దూరంలో కుందేలు బోను ఉంచి, కొంచెం కొంచెంగా దగ్గరికి జరిపారు. మధ్యలో వాడు జ్వరంతో రెండు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు, బయటికొస్తుంటే ఒక పెద్ద కుక్క మీదికి దూకింది, భయమంతా మొదటికొచ్చింది. మళ్ళీ దూరం నుంచి మొదలుపెట్టారు. చివరికి కుందేలు తన వేళ్ళు కొరుకుతున్నా ఊరుకునేంత దాకా వచ్చాడు. మీకూ ఎప్పుడో ఒకప్పుడు తిరగబెడుతుంది, అప్పుడు పీటర్ని గుర్తు చేసుకోండి.

ఇక పని మొదలుపెడదాం. ఒక నోటుబుక్కు తీసుకుని మీ భయానికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేయండి. కుక్క బొమ్మ చూస్తే రెండు, మొరిగే వీడియో చూస్తే మూడు, బాల్కనీ నుంచి వీధికుక్కని చూస్తే నాలుగు, గొలుసుతో ఉన్న కుక్కకి ముప్పై అడుగుల దూరంలో నిలబడితే ఆరు, ఆరడుగుల దూరంలో ఎనిమిది, ముట్టుకోవడం పది. మీ మార్కులు వేరేగా ఉండొచ్చు. మూడు, నాలుగు మార్కుల మెట్టు దగ్గర ఆరంభించండి. మొదలుపెట్టేముందు ఏం జరుగుతుందని భయపడుతున్నారో ఒక్క వాక్యంలో రాయండి: "అది గొలుసు తెంపుకుని నా మీదికి వస్తుంది." తర్వాత ఆ మెట్టు మీదే ఉండి ఐదు నిమిషాలకోసారి మార్కు వేయండి. నాలుగు రెండయ్యేదాకా కదలకండి. అయిపోయాక నిజంగా ఏం జరిగిందో ఆ వాక్యం కిందే రాయండి. మెదడు పాఠం మార్చుకునేది ఈ రెండు వాక్యాల తేడా చూసే. అదే మెట్టు రోజూ చేసి, మొదట్లోనే రెండు వస్తే పై మెట్టుకి వెళ్ళండి. వారానికోసారి చేస్తే ప్రతిసారీ కొత్తగా మొదలైనట్టే ఉంటుంది.

పై మెట్లకి కబ్బన్ పార్కు మంచి చోటు. ఆదివారం పొద్దున గొలుసుతో కుక్కల్ని తిప్పేవాళ్ళు చాలామంది వస్తారు. దగ్గరికి వెళ్ళేముందు "ముట్టబహుదా?" అని కన్నడంలో అడగండి, యజమాని సరేనంటేనే వెళ్ళండి. ఎదురుగా కాకుండా పక్కగా నిలబడండి. కుక్క వచ్చి వాసన చూసేదాకా ఆగండి. తల మీదికి చెయ్యి తేవద్దు, కుక్కలకి అది నచ్చదు. భుజం మీద అరచెయ్యి ఆనిస్తే పైన గరుకు బొచ్చు, దాని కింద ఒంటి వెచ్చదనం తగులుతాయి. చెయ్యి వెంటనే లాగేసుకుంటే మాత్రం పాఠం సగంలో ఆగిపోతుంది.

ఎక్కువమంది తప్పు చేసేది ఇంకో చోట ఉంది. కళ్ళు మూసుకోవడం, అమ్మ చున్నీ పట్టుకోవడం, ఫోన్‌లోకి చూడటం. ఒళ్ళు అక్కడున్నా మనసు పారిపోయిందన్నమాట. అప్పుడు మెదడు "చున్నీ ఉంది కాబట్టి బతికాను" అని రాసుకుంటుంది.

వీధికుక్కల విషయంలో జాగ్రత్త వేరు, భయం వేరు. తింటున్న కుక్క, పిల్లలున్న తల్లికుక్క, పళ్ళు చూపించి గుర్రుమనే కుక్క జోలికి ఎవరూ వెళ్ళకూడదు. మీదికొస్తే పరిగెత్తకండి. చేతులు కిందికి వదిలి నిలబడి, కళ్ళలోకి చూడకుండా మెల్లగా వెనక్కి జరగండి. కరిస్తే 15 నిమిషాలు సబ్బుతో ధారగా పారే నీటి కింద కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

సూది భయం సంగతి తిరగేసినట్టుంటుంది. చాలామందికి మొదట రక్తపోటు పెరిగి, తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది, అందుకే కళ్ళు తిరుగుతాయి. ఇక్కడ "ఒళ్ళు వదిలెయ్" అనే సలహా పనికిరాదు, ఇంకా తొందరగా పడిపోతారు. కూర్చుని పిడికిళ్ళు, తొడలు, పొట్ట గట్టిగా బిగించండి. 10 నుంచి 15 సెకన్లలో ముఖం వెచ్చబడుతుంది. అప్పుడు వదలండి, కానీ పూర్తిగా సాగిలపడకండి. 20, 30 సెకన్లాగి మళ్ళీ బిగించండి. ఇలా ఐదుసార్లు, వారంపాటు రోజూ చేయండి. సూది వేసే రోజు నర్సమ్మకి ముందే చెప్పి పడుకుని వేయించుకోండి. సూది పడే చెయ్యి మాత్రం వదులుగా ఉంచాలి, బిగిస్తే నొప్పెక్కువ.

లిఫ్టుకీ కుక్క మెట్లే. తలుపు తెరిచి ఉండగా లోపల నిలబడటం, ఒక అంతస్తు, రెండు అంతస్తులు, ఆపైన ఒంటరిగా. లిఫ్టు గాలి చొరబడని పెట్టె కాదు, ఆగిపోయినా ఊపిరాడుతుంది.

ఈ ఉత్తరం మీ అమ్మానాన్నలకీ చూపించండి. బలవంతంగా కుక్క దగ్గరికి తోసినా, "సూది వేయరులే" అని అబద్ధం చెప్పి తీసుకెళ్ళినా మీరు ఎక్కిన మెట్లన్నీ కూలిపోతాయి. ఏ మెట్టు ఎప్పుడెక్కాలో మీరే చెప్పాలి.

ఆరు నెలలు దాటినా భయం తగ్గక బడికి, బయటికి వెళ్ళడం మానేస్తే డాక్టరు సాయం కావాలి. హోసూర్ రోడ్డులోని మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌లో పిల్లలకి ప్రత్యేక విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి రాత్రైనా పగలైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. ఫోన్ చేసేటప్పుడు ఆ నోటుబుక్కు పక్కనే పెట్టుకోండి, మార్కులు చదివి వినిపిస్తే వాళ్ళకి సగం సంగతి తెలిసిపోతుంది.

మీ
తాతయ్య