కనురెప్ప ఆపరేషన్లు: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో నేను చేసేది కనురెప్పలకు, కన్నీటి దారులకు, కంటి గూటికి సంబంధించిన ఆపరేషన్లు. "అది అందం కోసమేగా, తొందరేముంది" అనుకుని ఆలస్యంగా వచ్చేవాళ్ళను చూసినప్పుడల్లా బాధేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: పుట్టుకతో రెప్ప వాలి ఉంటే, పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు ఆపరేషన్ చేయిస్తే చాలు.

వాస్తవం: నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టే మాట ఇది. మెదడు చూడటం నేర్చుకునేది ముఖ్యంగా 7, 8 ఏళ్ళ లోపే. ఆ వయసులో రెప్ప కంటిపాపకు అడ్డుపడితే ఆ కంటి చూపు ఎదగదు. కన్ను లోపల ఏ జబ్బూ ఉండదు, అయినా సరిగ్గా కనపడదు. 20 ఏళ్ళకు రెప్ప ఎత్తితే ముఖం బాగుంటుంది గానీ పోయిన చూపు తిరిగి రావడం చాలా కష్టం.

కంటిపాప మూసుకుపోతుంటే ఏడాది నిండని బిడ్డకైనా ఆపరేషన్ చేస్తాం. అడ్డు లేకపోతే 3 నుంచి 5 ఏళ్ళ దాకా ఆగొచ్చు, కానీ ఈలోగా చూపు, అద్దాల పవర్ చూపిస్తూనే ఉండాలి. పిల్లాడు గడ్డం పైకెత్తి టీవీ చూస్తుంటే అలవాటని సరిపెట్టుకోకండి. రెప్ప కింద నుంచి చూడటానికి వాడు పడే పాట్లవి. గ్రహణం వల్ల వచ్చిందని తల్లిని నిందించడం కూడా దయచేసి మానేయండి. రెప్పను ఎత్తే కండరం సరిగ్గా తయారుకాకపోవడమే కారణం.

కండరం మరీ బలహీనంగా ఉంటే రెప్పను నుదుటి కండరానికి సన్నటి సిలికాన్ తీగతోనో, తొడ నుంచి తీసిన పొరతోనో కలుపుతాం. తర్వాత నిద్రలో కన్ను కాస్త తెరిచే ఉంటుంది. అది చూసి అమ్మమ్మలు, నానమ్మలు టెన్షన్ పడుతుంటారు. కన్ను ఆరిపోకుండా చుక్కల మందు, రాత్రి ఆయింట్‌మెంట్ వేస్తూ ఉండాలి.

అపోహ: పెద్దవాళ్ళకు రెప్ప వాలితే అది వయసు వల్లే.

వాస్తవం: మెల్లగా వాలితే సాధారణంగా వయసు వల్లే. ఉన్నట్టుండి వాలి, తలనొప్పి, ఒకటి రెండుగా కనపడటం ఉంటే మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. మెదడులో రక్తనాళం ఉబ్బినా ఇలాగే మొదలవుతుంది. పొద్దున బాగుండి సాయంత్రానికి వాలిపోతుంటే నరాలకు, కండరాలకు మధ్య లోపం ఉందేమో చూడాలి. దానికి ముందు మందులు, కత్తి కాదు.

అపోహ: పసిబిడ్డ కంట్లో నీళ్ళు కారి పుసులు కడుతుంటే చనుబాలు పోస్తే తగ్గుతుంది.

వాస్తవం: పోయకండి, ఇన్ఫెక్షన్ రావచ్చు. కన్నీరు ముక్కులోకి దిగే దారి కొస తెరుచుకోకపోవడం వల్లే చాలామందికి ఇలా అవుతుంది. గోళ్ళు తీసి, చేతులు కడుక్కుని, ముక్కు పక్కన కంటి మూల నుంచి కిందికి వేలితో నొక్కుతూ దిగాలి. ఎలాగో డాక్టరు దగ్గర ఒకసారి చూసి నేర్చుకోండి. ఏడాది నిండేలోపు ఎక్కువమందికి అదే తెరుచుకుంటుంది.

అపోహ: కంటి కురుపుకు టెస్టులెందుకు?

వాస్తవం: మామూలు కురుపైతే కాపడంతో పోతుంది. 50 దాటినవాళ్ళకు ఒకే చోట మళ్ళీ మళ్ళీ లేస్తున్నా, అక్కడి వెంట్రుకలు రాలుతున్నా ముక్క తీసి బయాప్సీకి పంపాల్సిందే. రెప్పలోని నూనె గ్రంథికి వచ్చే క్యాన్సర్ అచ్చం కురుపులాగే ఉంటుంది. పాశ్చాత్య దేశాల కంటే మన దేశంలో రెప్ప క్యాన్సర్లలో దీని వాటా ఎక్కువ.

అపోహ: కళ్ళ కింద గుంటలు పూడ్చే ఫిల్లర్ ఇంజెక్షన్ బ్యూటీ పార్లర్‌లోనైనా చేయించుకోవచ్చు.

వాస్తవం: వద్దు. అరుదుగానైనా ఆ మందు రక్తనాళంలోకి వెళ్ళి చూపే పోవచ్చు.

అపోహ: బైక్ మీంచి పడి రెప్ప చిరిగితే ఎవరు కుట్టినా ఒకటే.

వాస్తవం: చిరిగింది ముక్కు వైపు మూలలోనైతే కన్నీటి గొట్టం కూడా తెగి ఉండొచ్చు. పైన చర్మం ఒక్కటే కుట్టేస్తే తర్వాత ఆ కన్ను కారుతూనే ఉండొచ్చు. ఒకటి రెండు రోజుల్లో సన్నటి సిలికాన్ గొట్టం పెట్టి కలిపితే మంచి ఫలితం వస్తుంది. గాయం మీద పసుపు, కాఫీపొడి అద్దకండి. వేలాడుతున్న ముక్కను కత్తిరించనివ్వకండి. శుభ్రమైన తడి గుడ్డ నొక్కకుండా కప్పి, రెప్పల ఆపరేషన్లు చేసే డాక్టరున్న చోటికి తీసుకెళ్ళండి.